జపాన్‌లోని ఆ 17 మంది సంఘం గురించి

సంపాదకుడు గారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ లేఖల పేజీలో జపాన్ మిషనరీల గురించి ఒక పాఠకుడు రాసింది చదివాను. ఏళ్ల తరబడి ఉండి ఇరవై మందిని కూడా పోగు చేయలేని వాళ్లకు సంఘాలు డబ్బు ఎందుకు పంపాలి, అదే డబ్బు ఇక్కడ ఖర్చుపెడితే ఎన్ని పల్లెల్లో చర్చిలు లేస్తాయి అని ఆయన అడిగారు. కోపంగా రాయలేదు, చాలామంది మనసులో ఉన్నదే రాశారు. కానీ నేను నాలుగేళ్లు అలాంటి ఒక సంఘంలో కూర్చున్నదాన్ని, ఆ పని చేసే భార్యాభర్తల వంటింట్లో కూరగాయలు తరిగినదాన్ని, అందుకే జవాబు రాయకుండా ఉండలేకపోయాను.

మాది ఒంగోలు. మా ఆయనకు సెందాయ్‌లోని తోహోకు యూనివర్సిటీలో పరిశోధన పని దొరికితే 2014లో వెళ్లి 2018 దాకా అక్కడే ఉన్నాం. వెళ్లిన రెండో వారం మా వీధి చివర సిలువ ఉన్న చిన్న బోర్డు చూసి లోపలికి వెళ్లాం. గోపురం లేదు, గంట లేదు, అదొక మామూలు రెండంతస్తుల ఇల్లు. గుమ్మంలో బూట్లు విప్పి వేసుకోవడానికి స్లిప్పర్లు వరసగా పెట్టి ఉన్నాయి, కింద హాల్లో మడత కుర్చీలు, ఒక చిన్న ఆర్గాన్. పైన ఆ మిషనరీ దంపతులూ వాళ్ల ఇద్దరు పిల్లలూ ఉండేవారు. ఆ రోజు ఆరాధనలో మాతో కలిపి 17 మందిమి. నాలుగేళ్ల తర్వాత మేము తిరిగి వచ్చేసే ఆదివారం కూడా లెక్క దాదాపు అంతే.

వాళ్ల పేర్లు రాయను, వాళ్లకు నచ్చదు. అమెరికా వాళ్లు. అక్కడ ఆయన్నీ ఆమెనీ ఇద్దరినీ సెన్సే, అంటే గురువు గారు, అనే పిలుస్తారు, నేను మాత్రం ఇక్కడ మనకు అలవాటైనట్టు పాస్టరు గారు, పాస్టరమ్మ గారు అనే రాస్తాను.

మిషనరీ పని అంటే మనకు మైకు, పందిరి, కూడికలు గుర్తొస్తాయి. నేను అక్కడ మొదట చూసింది చెత్త పని. నవ్వకండి, నిజంగానే చెబుతున్నాను. ఏ చెత్త ఏ రోజు పెట్టాలో వీధికొక పట్టిక ఉంటుంది, ప్లాస్టిక్ సీసా అయితే మూత తీసి, లేబుల్ చింపి, కడిగి పెట్టాలి, పొద్దునే పెట్టి కాకులు పీకకుండా పైన వల కప్పాలి. ఆ చోటు శుభ్రం చేసే వంతు ఒక్కో వారం ఒక్కో ఇంటిది. ఒక విదేశీ కుటుంబం ఈ వంతు తప్పిందంటే ఇక ఆ వీధిలో వాళ్ల మాట ఎవరూ వినరు. పాస్టరు గారు డిసెంబరు చలిలో, వేళ్లు కొంకర్లు పోయేంత చలిలో, ఆ వల మడిచి పెట్టి చీపురుతో ఊడవడం నేను చాలాసార్లు చూశాను. వీధి సంఘం వాళ్ల నోటీసులు అట్టకు క్లిప్పు పెట్టి ఇల్లిల్లూ తిరుగుతాయి, అది చదివి ముద్ర వేసి పక్కింటికి ఇవ్వాలి. పాస్టరమ్మ గారు దాన్ని పక్కింటి తలుపు దగ్గర పెట్టేసి రారు, బెల్ కొట్టి, ఆ ఇంటి ముసలాయన బయటికొచ్చేదాకా ఉండి, రెండు మాటలు మాట్లాడి వస్తారు. ఆ ముసలాయనతో ఆ రోజంతా మాట్లాడింది బహుశా ఆమె ఒక్కరే.

మిగతాది త్వరగా చెబుతాను. సోమవారం వాళ్లకు సెలవు, అది కూడా సగం రోజులు ఉండదు. వారంలో రెండుసార్లు ఇంగ్లిష్ క్లాసు. గురువారం పాస్టరు గారు తన ప్రసంగం జపనీస్‌లో రాసుకుని సంఘంలోనే ఉన్న రిటైర్డు స్కూలు టీచరు దగ్గరికి తీసుకెళ్లేవారు, ఆమె ఎర్ర పెన్నుతో దిద్దేవారు. వచ్చి అప్పటికే పన్నెండేళ్లు, అయినా దిద్దించుకునేవారు. అక్కడ రోజువారీ చదువుకే 2,136 చైనా అక్షరాలు రావాలి, పైగా పెద్దవాళ్లతో మాట్లాడే మర్యాద భాష వేరు. శనివారం సంఘపత్రిక అచ్చు వేసి మడవడం, కుర్చీలు వేయడం, కిరోసిన్ హీటర్లు నింపడం. ఆదివారం ఆరాధన తర్వాత అందరికీ కర్రీ రైసో, ఉడోన్ అనే నూడుల్సో వండి పెట్టడం. సంఘంలో ఉన్న ఒకే ఒక్క హైస్కూలు పిల్లాడికి ఆదివారం కూడా స్కూలు క్లబ్ ఆట ఉండేది, నెలకు ఒకసారి వస్తే గొప్ప. అక్టోబరులో మాత్రం అందరం నది ఒడ్డుకు వెళ్లి చేమదుంపలు, పంది మాంసం, మిసో అనే పులియబెట్టిన సోయా ముద్ద వేసి పెద్ద గిన్నెలో పులుసు కాచుకునేవాళ్లం, ఇమోనికాయ్ అంటారు. సెందాయ్‌లో ఆఫీసులు, స్కూళ్లు, ఇరుగుపొరుగు అందరూ చేసుకునేదే. వీధిలో వాళ్లు చర్చి గడప తొక్కకపోయినా దానికి మాత్రం వచ్చేవారు. చేమదుంపల తొక్క తీస్తుంటే చేతులు దురద పెడతాయి కదా, దానికి మా అమ్మ చెప్పిన చిట్కా చెబితే అక్కడి ఆడవాళ్లు ఎంత సంతోషపడ్డారో.

ఇంత కష్టపడితే మరి జనం ఎందుకు రారు అని ఆ పాఠకుడు అడగవచ్చు. రాకపోవడానికి నాలుగు వందల ఏళ్ల కథ ఉంది. 1549లో ఫ్రాన్సిస్ జేవియర్ అనే కాథలిక్ మిషనరీ కగోషిమాలో దిగాడు. వేలమంది నమ్మారు. 1597లో నాగసాకిలో 26 మందిని సిలువ వేశారు, 1614లో దేశమంతా నిషేధం పెట్టారు. క్రీస్తు బొమ్మను కాలితో తొక్కించి పరీక్ష చేసేవారు. ప్రతి కుటుంబమూ తాము క్రైస్తవులం కామని రుజువు కోసం ఏదో ఒక బౌద్ధాలయంలో పేరు రాయించుకోవాల్సి వచ్చింది. నిషేధం బోర్డులు తీసేసింది 1873లో. అంటే ఒక ఇంటికీ ఒక ఆలయానికీ ఉన్న ఆ బంధం తరతరాలుగా నడిచింది, ఆ ఇంటివాళ్ల సమాధులు అక్కడే, తద్దినాలు అక్కడే. దానికి తోడు 1995లో ఓమ్ షిన్‌రిక్యో అనే మత బృందం వాళ్లు టోక్యో మెట్రోలో విషవాయువు వదిలాక, 2022లో మాజీ ప్రధాని అబే హత్య తర్వాత ఒక మత సంస్థ విరాళాల వసూళ్లు బయటికొచ్చాక, మతం అన్న మాట వినగానే జనం ఒక అడుగు వెనక్కి వేస్తారు. క్రైస్తవులు అన్ని శాఖలూ కలిపినా నూటికి ఒకరు.

నాకు బాగా గుర్తుండిపోయిన మనిషి ఒక పెద్దామె. 2011 మార్చి 11 సునామీలో ఇషినోమాకి దగ్గర ఆమె ఇల్లూ పోయింది, భర్తా పోయారు. ఆయన సముద్రంలో ఆల్చిప్పలు పెంచేవారట. మా పాస్టరు దంపతులు ఆ మార్చిలోనే బురద ఎత్తడానికి వెళ్లారు, తర్వాత ప్రభుత్వం కట్టిన తాత్కాలిక ఇళ్ల వరసల్లో నెలకు రెండుసార్లు టీ, బిస్కెట్లు పట్టుకెళ్లి కూర్చునేవారు. దాన్ని అక్కడి యాసలో ఓచాక్కో అంటారు. నేనూ కొన్నిసార్లు వెళ్లాను. వాక్యం చెప్పేది చాలా తక్కువ, వినేదే ఎక్కువ. ఒకరు తన కుక్క గురించి, ఒకరు పడవ గురించి, గంటలకొద్దీ చెప్పేవారు. ఈ పెద్దామె తర్వాత సెందాయ్‌లో కూతురి ఇంటి దగ్గరికి మారారు, అప్పటినుంచి బుధవారం ప్రార్థన కూడికకు రావడం మొదలుపెట్టారు. పాటలన్నీ వచ్చు. ఒకసారి నా ముందే పాస్టరమ్మ గారిని అడిగారు, నేను బాప్తిస్మం తీసుకుంటే మా ఆయనకు రోజూ పొద్దున అన్నం ఎవరు పెడతారు అని. ఇంట్లో చిన్న పూజాపీఠంలో భర్త ఫోటో ముందు రోజూ వేడి అన్నం పెడతారు వాళ్లు.

మా ఊళ్లో అయితే ఈ ప్రశ్నకు ఎవరో ఒకరు వెంటనే వచనం చెప్పి ఉండేవారు. పాస్టరమ్మ గారు చెప్పలేదు. మీ ఆయనకు ఏం కూర ఇష్టం అని అడిగారు. ఆ తర్వాత ఒక గంటసేపు ఆ ఇద్దరూ ఆయన గురించే మాట్లాడుకున్నారు.

2017లో పాస్టరు గారి తల్లి అమెరికాలో చనిపోయారు. టికెట్ల ఖర్చుకు నలుగురూ వెళ్లలేక ఆయన ఒక్కరే వెళ్లారు. ఆ రాత్రి ఈ పెద్దామె వానలో నడుచుకుంటూ వచ్చి ఒక కవరు ఇచ్చారు. చావు ఇంటికి డబ్బు కవరులో పెట్టి ఇవ్వడం అక్కడి ఆచారం, మామూలుగా బౌద్ధుల కవరు వేరు. ఆమె దుకాణానికి వెళ్లి క్రైస్తవులకు ఏది ఇవ్వాలో అడిగి, లిల్లీ పువ్వు అచ్చు ఉన్న కవరు కొనుక్కొచ్చారు. అది చూసి పాస్టరమ్మ గారు నా భుజం మీద తల పెట్టి ఏడ్చారు. ఆ నెల వాళ్లను పంపిన సంఘాలకు వెళ్లిన రిపోర్టులో బాప్తిస్మాలు అన్న గడిలో సున్నా అనే ఉంది. మరుసటి ఏడాది వాటిలో ఒక సంఘం ఫలితం కనిపించడం లేదని సాయం ఆపేసింది.

పాస్టరు గారు ఎప్పుడూ హెప్‌బర్న్ దంపతుల గురించి చెప్పేవారు. అమెరికా మిషనరీ డాక్టర్ జేమ్స్ హెప్‌బర్న్, భార్య క్లారా 1859లో జపాన్‌కు వచ్చారు, అంతకుముందే తమ పసిపిల్లల్ని పోగొట్టుకుని మట్టిలో పెట్టినవాళ్లు. సువార్త నిషేధం, కాబట్టి ఆయన రోగుల్ని చూశాడు, 1867లో జపనీస్-ఇంగ్లిష్ నిఘంటువు తెచ్చాడు. జపనీస్ మాటల్ని ఇంగ్లిష్ అక్షరాల్లో రాసే పద్ధతిని ఈనాటికీ ఆయన పేరుతోనే పిలుస్తారు. క్లారా 1863లో చిన్న బడి పెట్టింది, అక్కడ చదివిన ఒక అబ్బాయి, తకాహాషి కొరెకియో, తర్వాత ఆ దేశానికి ప్రధానమంత్రి అయ్యాడు. యోకోహామాలో మొదటి ప్రొటెస్టెంట్ సంఘం ఏర్పడింది 1872లో, 11 మందితో. అంటే వాళ్లు వచ్చిన పదమూడేళ్లకు.

మన ఒంగోలు వాళ్లకు ఇది కొత్త కథా? అమెరికా బాప్టిస్టుల నెల్లూరు మిషను ఎంత కాలమైనా ఫలించడం లేదని, దాన్ని మూసేద్దామా అని 1853లో అమెరికాలో చర్చించారు, ఆ చర్చలోనే దానికి ఒంటరి నక్షత్రం అని పేరు పడింది. 1854 జనవరి 1న ఆ మిషనులోని జ్యూయెట్ దొర, దొరసాని, ఇంకో ముగ్గురు, మొత్తం ఐదుగురు మా ఊరి కొండెక్కి ప్రార్థన చేశారు. 1867లో, తర్వాత వచ్చిన మిషనరీ క్లౌ దొర ఒంగోలులో సంఘం మొదలుపెట్టినప్పుడు ఎనిమిది మందే. ధాత కరువులో ఆయన బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని ఆకలితో ఉన్నవాళ్లకు పని ఇచ్చాడు. 1878 జులై 3న గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం అయింది. మనం ఏటా ఆ ఒక్క రోజునే చెప్పుకుంటాం. దానికి ముందు నలభై ఏళ్లు ఎవరో ఇక్కడ ఎండలో తిరిగారని, మొదట్లో చాలా ఏళ్లు వాళ్ల రిపోర్టుల్లోనూ దాదాపు సున్నాలే ఉన్నాయని చెప్పుకోం. జపాన్‌లో కూడా ఒకరోజు గుండ్లకమ్మ వస్తుందని నేను అనడం లేదు, పాస్టరు గారు కూడా అలా ఎదురుచూడటం లేదు. ఆ రోజు రాకపోయినా ఆయన చేసేది పనే అని మాత్రం అంటున్నాను.

మొన్న క్రిస్మస్‌కు పాస్టరమ్మ గారు వీడియో కాల్ చేశారు. పెద్దామెకు మోకాళ్ల నొప్పులు, బుధవారం పాస్టరు గారే కారులో వెళ్లి తీసుకొస్తున్నారట. బాప్తిస్మం ఇంకా తీసుకోలేదు. ఎండబెట్టిన పెర్సిమన్ పళ్లు చూపించి, ఆమే తెచ్చారు, మీకు పంపడానికి కుదరడం లేదు అన్నారు.

మీ పేజీలో చోటు తక్కువని తెలుసు. కోత పెట్టాల్సి వస్తే నా గురించి, మా ఆయన ఉద్యోగం గురించి రాసింది తీసేయండి. ఆ పెద్దామె గురించి రాసింది మాత్రం దయచేసి ఉంచండి.

ఇట్లు,
ఒక పాఠకురాలు, ఒంగోలు