పేరు రాయొద్దన్న పెద్దాయనకి, మిగతా అందరికీ థాంక్స్

అందరికీ నమస్తే. మా బోటు నడిచింది! సెయింట్ క్లెయిర్ సరస్సులో చీకటి పడేదాకా తిప్పి ఇప్పుడే ఇంటికొచ్చాం. ఒళ్లంతా ఆయిల్ కంపు, చేతులు పైకి లేవట్లేదు. పడుకుని లేస్తే ఈ మాటలు ఇలా రావని ఇప్పుడే రాసేస్తున్నా.

కథ తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. మాది పాత బోటు, లోపల 454 బిగ్ బ్లాక్ షెవీ, అంటే 7.4 లీటర్ల ఇంజను. (మిషిగన్‌లో ఆరునెలలు మంచే కదా, బోటెందుకు అని మనవాళ్లు చాలామంది అడిగారు. అది వేరే పోస్టు.) పోయిన సీజన్‌కి ముందు ఒక షాపువాళ్లు పవర్ పెరుగుతుందని చెప్పి కొత్త క్యామ్‌షాఫ్ట్ (ఇంజను వాల్వుల్ని తెరిచి మూసే కడ్డీ) వేశారు. ఎండాకాలం సగం కాకముందే స్టార్టింగ్ ట్రబుల్, డిప్‌స్టిక్ తీస్తే ఆయిల్ తెల్లగా నురగ కట్టి ఉంది, అంటే లోపలికి నీళ్లు చేరాయన్నమాట. షాపుకెళ్తే పర్ఫార్మెన్స్ పార్టులకి వారంటీ ఉండదన్నారు. ఇన్సూరెన్సువాళ్లు అరుగుదల కింద రాసి చేతులు దులుపుకున్నారు. హెడ్ గాస్కెట్ పోయిందని ఒకరు, మానిఫోల్డ్ పోయిందని ఒకరు. వచ్చి చూసే ఖాళీ మాత్రం ఎవరికీ లేదు.

మెరీనాలో మా వెనక వరసలో ఒక పెద్దాయన ఉంటాడు, రిటైరైన మెషినిస్టు. అప్పటిదాకా ఆయనెవరో నాకు తెలీదు, నేనెవరో ఆయనకి తెలీదు. ఆయిల్ మార్చి స్టార్ట్ చేస్తుంటే, ఆ గడగడ విని తనంతట తనే వచ్చి ఇంజను ఆపమన్నాడు. తర్వాత అన్నీ ప్రశ్నలే. ప్రొపెల్లర్ పిచ్ ఎంత? బోటు బరువెంత? ఎంతమంది ఎక్కుతారు? ఎగ్జాస్ట్‌లో నీళ్లు ఎక్కడ కలుస్తాయి? వేల డాలర్లు పుచ్చుకున్నవాళ్లు వీటిలో ఒక్కటీ అడగలేదండీ.

రైజర్ (ఇంజను నుంచి పొగ బయటికెళ్లే గొట్టం) విప్పి టార్చి వేసి చూపించాడు. ఎగ్జాస్ట్ వాల్వు అంచంతా ఎర్రటి తుప్పు. కారులో పొగగొట్టం పొడిగా ఉంటుంది. మా బోటులో పొగ చల్లబడ్డానికి రైజర్ దగ్గర నీళ్లు కలుపుతారు. షాపువాళ్లు వేసిన క్యామ్‌కి లోబ్ సెపరేషన్ (ఇన్‌టేక్, ఎగ్జాస్ట్ వాల్వుల్ని తెరిచే ఉబ్బుల మధ్య కోణం) 108 డిగ్రీలు, డ్యూరేషన్ (వాల్వు తెరుచుకుని ఉండే సేపు, ఇదీ డిగ్రీల్లోనే) 240 పైన. అంటే రెండు వాల్వులూ కలిసి తెరుచుకుని ఉండే సేపు ఎక్కువ. ఐడిల్‌లో సిలిండర్ ఆ పొగని వెనక్కి పీలుస్తుంది, పొగతో పాటు నీళ్లనీ. కార్ల క్యాటలాగులో పేజీ తిప్పితే మెరైన్ క్యామ్‌లు వేరే ఉంటాయి, ఆ పేజీ తిప్పే ఓపిక లేకపోయింది షాపువాళ్లకి.

పైగా బోటు ఇంజనంటే రోజంతా ఘాట్ రోడ్డు ఎక్కుతున్న బండే. దిగుడు ఉండదు, టాప్ గేరూ ఉండదు. ప్రొపెల్లర్ మమ్మల్ని 5,000 ఆర్‌పీఎం (నిమిషానికి చుట్లు) దగ్గరే ఆపేస్తుంది, 6,500లో పవరిచ్చే క్యామ్ ఎవరికి కావాలి? ఆయన ఎంచింది 114 డిగ్రీల సెపరేషన్, డ్యూరేషన్ 220కి కాస్త అటూ ఇటూ. ఆర్డర్ పెట్టేముందు ఇంజను ఏ దిక్కుకి తిరుగుతుందో కూడా చూశాడు. జంట ఇంజన్ల పాత బోట్లలో ఒకటి ఎదురు తిరుగుతుందట, దాని క్యామే వేరట.

కొత్త క్యామ్ లోపల పెట్టాక డిగ్రీ వీల్ (కోణం కొలిచే చక్రం), డయల్ గేజ్ పెట్టి, క్యామ్‌తో వచ్చిన కార్డు మీద రాసిన అంకె వచ్చేదాకా వదల్లేదు. పిస్టన్ మీద బంకమట్టి పెట్టి, ఇంజను చేత్తో తిప్పి, ఆ మట్టిని బ్లేడుతో కోసి వాల్వుకి ఎంత చోటుందో కొలిచాడు. మాది ఫ్లాట్ టాపెట్ రకం (క్యామ్ మీద రుద్దుకుంటూ నడిచేది), కొత్త క్యామ్ వేశాక మొదటి ఇరవై నిమిషాలు 2,000 ఆర్‌పీఎం పైనే తిరగాలి, ఐడిల్‌కి రాకూడదు. అంతసేపూ ఆ హోరులో గేజీల మీంచి కళ్లు తిప్పకుండా నిలబడే ఉన్నాడు.

డబ్బు మాటెత్తితే చెయ్యి అడ్డంగా ఊపాడు. సరే అని సామాను సర్దుతుంటే, అట్టముక్క మీద మార్కర్‌తో ఏదో రాస్తున్నాడు. క్యామ్ నంబరు, డిగ్రీలు, స్ప్రింగుల కొలతలు, ఏ ఆయిల్ పొయ్యాలి, అన్నీ. రేపు ఇంకెవరైనా విప్పితే తడుముకోకూడదని. పైన ఓనర్ పేరు రాయడానికి నా పేరు అక్షరం అక్షరం అడిగి, ఇంటిపేరుతో సహా మొత్తం రాశాడు. ఇరవై అక్షరాలు పైనే! ఇక్కడ నన్ను అందరూ రెండక్షరాలతో పిలుస్తారు. అది ఇంజను మూత లోపల అంటిస్తుంటే నాకు ఏడుపు ఆగలేదు. ఆయన చూడనట్టే టేపు చింపుకుంటున్నాడు.

మా ఆవిడకీ తమ్ముడికీ వేరే చెప్పక్కర్లేదు.

అయ్యో, కొందర్ని వదిలేశా. బంకమట్టి మా పాపది. హోరుకి పక్కవాళ్లు ఫోన్ చేస్తే సర్దిచెప్పిన మెరీనా కుర్రాడికి థాంక్స్. పార్టుల కౌంటర్లో, ఆల్టర్నేటర్ కూడా మెరైన్‌దే తీసుకో, కారుది పెడితే నిప్పురవ్వకి పెట్రోలు ఆవిరి అంటుకుంటుందని ఆపినావిడకి కూడా. ట్రెయిలర్ ఇచ్చిన ట్రాయ్ అన్నయ్యా, టార్క్ రెంచి ఇంకా నా కార్లోనే ఉంది, శనివారం తెచ్చిస్తా.