ఈ వానాకాలం నుంచి మన నర్సరీలో పీట్ మాస్ ఉండదు

నారు కోసం వచ్చే రైతన్నలకు, ఇంటి మొక్కల కోసం వచ్చే అక్కలకు, అన్నలకు ఒక మాట ముందే చెప్పాలి. ఈ వానాకాలం నుంచి మిర్యాలగూడలోని మన నర్సరీలో పీట్ మాస్, అంటే చిత్తడి నేలల్లోంచి తవ్వి తెచ్చే సగం కుళ్లిన నాచు, వాడం, అమ్మం. మిర్చి, టమాటా, వంగ ట్రేలలో పోసేదీ, కుండీల మిశ్రమం సంచుల్లో కలిపేదీ రెండూ మారుతున్నాయి. సరుకు దొరక్క కాదు, రేటు పెరిగి కాదు. పీట్ ఎలాంటి చోట తయారవుతుందో కళ్లారా చూశాక ఇక దాన్ని తెప్పించబుద్ధి కాలేదు.

మా అమ్మాయి, అల్లుడు డబ్లిన్‌లో ఉంటారు. వాళ్ల దగ్గరికి వెళ్లినప్పుడు రైలెక్కి ఐర్లాండ్ నడిమధ్యన ఆఫలీ కౌంటీలో ఉన్న క్లారా అనే ఊరికి పోయాం. ఊరి పక్కనే క్లారా బాగ్. ఈ బాగ్ అంటే తోట కాదు, పీట్ తయారయ్యే చోటు. 1987 నుంచి అది ప్రభుత్వం కాపాడుతున్న చిత్తడి నేల. దూరం నుంచి చూస్తే గోధుమరంగు బీడులాగే ఉంటుంది. కాలు పెడితే మాత్రం దిగబడుతుంది. అందుకే మనుషులు నడవడానికి చెక్క పలకలతో బాట వేశారు.

ఆ బాట మీద నేను చాలాసేపు కదల్లేదు. ఇంట్లోవాళ్లు ముందుకు వెళ్లిపోయినా పలకల మీద వంగి కూర్చుని చూస్తూనే ఉన్నాను. స్ఫాగ్నం అనే నాచు ఎరుపు, ఆకుపచ్చ, పసుపు రంగుల్లో దట్టంగా పరుచుకుని ఉంది. చేత్తో అదిమితే వేళ్ల సందుల్లోంచి నీళ్లు ఉబికాయి. తన ఎండు బరువుకు 20 రెట్ల దాకా నీళ్లు పట్టుకునే నాచు అది. మధ్యమధ్యలో గోరంత ఆకులతో సండ్యూ మొక్కలు. ఆకు మీది ఎర్రటి వెంట్రుకల చివర జిగురు బొట్లు, వాటికి అంటుకున్న చిన్న దోమలు. ఆ నేలలో బలం ఉండదు కాబట్టి సండ్యూ పురుగులను తిని బతుకుతుంది. ఇంకాస్త ముందుకు వెళ్తే తెల్లటి దూది గుత్తులు గాలికి ఊగుతున్నాయి. మన పత్తి చేలు గుర్తొచ్చాయి గానీ, అది తుంగ జాతి గడ్డి.

ఏరు, వాగు ఏదీ ఆ బాగ్‌ను తడపదు. పైన పెరిగే నాచుకు వాన నీరే ఆధారం. నాచు పైకి పెరుగుతుంటే కింద చచ్చిన భాగం నీటిలో మునిగి ఉంటుంది. అక్కడ గాలి ఆడదు, నీళ్లు పులుపెక్కి ఉంటాయి, పైగా చలి. దాంతో పూర్తిగా కుళ్లకుండా పొర మీద పొర పేరుకుంటుంది. అదే పీట్. అదే కౌంటీలో 2003లో పీట్‌లో దొరికిన ఒక మనిషి దేహాన్ని డబ్లిన్ మ్యూజియంలో చూశాం. చనిపోయి 2000 ఏళ్లు దాటినా చేతి గోళ్లు అలాగే ఉన్నాయి.

పీట్ పేరుకునేది ఏడాదికి సుమారు 1 మిల్లీమీటరు. మన 98 గుంతల ట్రేలో గుంత లోతు 4 సెంటీమీటర్లు. అంటే అక్కడ 40 ఏళ్లు పట్టే మందం. మిర్చి నారు 40 రోజుల్లో పొలానికి వెళ్లిపోతుంది. ఈ లెక్క తట్టాక నాకు మనసు ఒప్పలేదు.

పీట్ తవ్వాలంటే ముందు కాలువలు తీసి ఆ నేలను ఎండబెట్టాలి. గాలి తగలగానే వేల ఏళ్లుగా దాగిన కార్బన్ బయటికి పోవడం మొదలవుతుంది. ప్రపంచ భూభాగంలో 3 శాతమే ఉన్న పీట్ నేలలు, అడవుల చెట్లన్నిటికన్నా ఎక్కువ కార్బన్ దాచుకున్నాయి. క్లారాలో కూడా 1980ల్లో ఒక పక్క కాలువలు తవ్వారు, తర్వాత వాటికి అడ్డుకట్టలు వేశారు. ఐర్లాండ్ ప్రభుత్వ సంస్థ బోర్డ్ నా మోనా 2021లో పీట్ తవ్వకం మానుకుంది. మనకు వచ్చే బేళ్లు ఐర్లాండ్‌వి కావు, బాల్టిక్ దేశాలవి. అయినా తవ్వే పద్ధతి ఒకటే.

ఇకపై ట్రేలలో కడిగి ఉప్పు తీసిన కొబ్బరి పొట్టు, వర్మీకంపోస్టు, నల్లగా కాల్చిన ఊక ఉంటాయి. మన ఊళ్లో రైస్ మిల్లులకు కొదవ లేదు కాబట్టి ఊకకు ఇబ్బంది లేదు. మిల్లు బాయిలర్ బూడిద మాత్రం కలపం, అందులో క్షారం ఎక్కువ.

తేడాలు ఉంటాయి, దాచను. కొబ్బరి పొట్టు పైన ఎండినట్టు కనిపించినా లోపల తడి ఉంటుంది. వేలు పెట్టి చూశాకే నీళ్లు పోయండి, లేకపోతే నారు కుళ్లు వస్తుంది. పీట్ ఒకసారి పూర్తిగా ఎండితే మళ్లీ తడవడానికి మొండికేస్తుంది, పొట్టుకు ఆ బాధ లేదు. మన ఎండలకు అది నిజంగా మేలు. ఆకు లేతపసుపుగా మారితే లీటరు నీటికి 2 గ్రాముల 19:19:19 ఎరువు కలిపి పోయండి. పిటూనియా లాంటి సన్న విత్తనాలు మాత్రం పీట్‌లో మొలిచినంత సమంగా మొలవడం లేదు. ఆ ట్రేలు ఈసారి తక్కువే వేస్తాం. పురుగులను పట్టి తినే వీనస్ ఫ్లైట్రాప్, బ్లూబెర్రీ మొక్కలు తెప్పించడం ఆపేశాం. మన బోరు నీళ్లలో, పీట్ లేకుండా వాటిని బతికించి ఇస్తానని మాట ఇవ్వలేను.

నారు రేటు మారదు. షెడ్డులో మిగిలిన పీట్ బేళ్లు ఇప్పటికే బుక్ చేసిన మిర్చి ట్రేలకే వాడతాం. పాలీహౌస్‌కు పీట్ కావాలని అడ్వాన్స్ ఇచ్చినవాళ్లు రసీదు తెచ్చి డబ్బు వెనక్కి తీసుకోవచ్చు. కొత్త మిశ్రమంలో పెరిగిన నారు షెడ్డు ముందు వరసలో పెట్టాం. బుక్ చేసే ముందు ఒక మొక్కను ట్రేలోంచి లాగి వేళ్లు చూసుకోండి.