వార్షిక నివేదిక 2024–25: కోళ్ల టీకా క్లిప్పు, బజ్జీల బండి బాణలికి మూత

అధ్యక్షులకు, కార్యవర్గానికి, సభ్యులందరికీ నమస్కారం. సర్వసభ్య సమావేశంలో కార్యదర్శి నివేదిక చదవాలని మన నియమావళిలో ఉంది కాబట్టి చదువుతున్నాను. సంఘం ఆశయాలు మీకు మళ్లీ వల్లించను. కిందటేడు నివేదికలో పేర్లు ముందు వెనుక అయ్యాయని ముగ్గురు అలిగారు, అందులో ఒకరు నాలుగు నెలలు చందా కట్టలేదు. అందుకే ఈసారి ఎవరి పేరూ రాయలేదు. వృత్తి, వీధి చెబితే మన ఊళ్లో ఎవరి గురించో అందరికీ తెలుస్తుంది.

ముందుగా కోళ్ల సంగతి.

పెరటి కోళ్లకు టీకా వేయడంలో అసలు చిక్కు సీసాతో వస్తుంది. కొక్కెర తెగులు (రాణిఖేత్ రోగం) టీకా వంద మోతాదుల సీసాలో ఎండిన బిళ్లలా ఉంటుంది. ద్రావణం కలిపేదాకా 2 నుంచి 8 డిగ్రీల చల్లదనం తప్పకూడదు, కలిపాక రెండు గంటల్లో అయిపోవాలి. మన ఇళ్లలో ఉండేవి ఆరో పదో కోళ్లు. ఒక ఇంటికోసం సీసా విప్పితే తొంభై మోతాదులు మట్టిపాలు. వేల కోళ్లున్న ఫారాలకు ఈ బాధ లేదు. వాళ్లు తాగే నీళ్లలో కలుపుతారు, లేదా పిచికారీ చేస్తారు. పెద్ద హేచరీలకైతే గుడ్డులోనే టీకా ఇచ్చే యంత్రం ఉంది. పొదిగే ఇరవై ఒక్క రోజుల్లో పద్దెనిమిదో రోజున పెంకుకు సన్నని రంధ్రం చేసి లోపలి పిల్లకు మందు ఇస్తుంది. అమెరికాలో 1992లోనే అది వ్యాపారంలోకి వచ్చింది. గంప కింద ఉండే కోడిపెట్టకు, కొబ్బరిచెట్టు మొదట్లో గుడ్లు పెట్టే దానికి, దానివల్ల ఒరిగేదేమీ లేదు.

అందుకని ఈ ఏడు ముందు వీధుల పట్టిక వేశాం. ఏ ఇంట్లో ఎన్ని కోళ్లు, ఎన్ని పిల్లలు, గూడు ఎటు వైపు అన్నీ ఇంటింటికీ తిరిగి రాసుకున్నాం. వంద లెక్క కుదిరేలా ఇళ్లను కలిపి ఒక్కో సాయంత్రానికి ఒక్కో సీసా కేటాయించాం. చీకటి పడి కోళ్లు గూళ్లలో చేరాకే పని మొదలు. టార్చికి నీలం కాగితం చుట్టుకుని వెళితే కోడి బెదరదు, ఆ వెలుతురులో దానికి సరిగా కనిపించదు. చిన్న కోడిపిల్లలకు వాటికి తగ్గ టీకా కంట్లో చుక్క, రెండు నెలలు దాటినవాటికి రెక్క కింద చర్మంలో అర మిల్లీలీటరు. మొత్తం పదకొండు సాయంత్రాలు తిరిగాం. పారబోసింది రెండు సీసాల అడుగు మందు మాత్రమే. ఇది నేను గొప్పగానే చెప్పుకుంటాను.

ఇక క్లిప్పు. కోళ్ల మశూచి టీకాకు రెండు మొనల సూది వాడతారు. రెక్కను విప్పి పట్టుకుని, ముందు వైపు పల్చగా ఉండే పొరలో ఈకలు తగలకుండా గుచ్చాలి. ఈక తగిలితే మందు దానికే అంటుకుంటుంది, కోడికి చేరదు. చీకట్లో, కోడి తన్నుకుంటుంటే, గుచ్చేవాళ్ల వేలికే దిగడం మామూలు. పాతబస్టాండు దగ్గర సైకిలు రిపేరు చేసే మన సభ్యుడు బట్టలు ఆరేసే క్లిప్పు ఒకటి తీసుకుని, కింది పెదవికి ట్యూబు రబ్బరు అతికించి, పై పెదవికి సూది మొనలు పట్టేంత రెండు రంధ్రాలు వేశాడు. పై పెదవి అంచును కాస్త వంచితే అదే ఈకలను పక్కకు తోస్తుంది. క్లిప్పు పెట్టాక సూది రబ్బరు దగ్గర ఆగుతుంది, వేలి దాకా రాదు. ఖర్చు బన్ను, టీ డబ్బులంత. గుచ్చిన చోట వారం పది రోజులకు చిన్న పొక్కు లేస్తే టీకా పట్టినట్టు. ఎనిమిదో రోజున మళ్లీ ఇంటింటికీ తిరిగి రెక్కలు ఎత్తి చూసిన ఇద్దరు మహిళా సభ్యులకు ఈ నివేదికలో అందరికంటే ముందు కృతజ్ఞతలు.

ఎందుకంటే మిగతావాళ్లు రాలేదు. స్వచ్ఛందంగా వస్తామని పేర్లు ఇచ్చినవారు పద్నాలుగురు. మొదటి సాయంత్రం తొమ్మిది మంది, మూడో సాయంత్రానికి నలుగురు, చివరికి మేం ముగ్గురం, మా ఇంటి పిల్లవాడు. ఫ్రెంచి శాస్త్రవేత్త లూయీ పాస్టర్ 1879లో కోళ్ల కలరా మీద పనిచేస్తుండగా సహాయకుడు సెలవుకు వెళ్లడంతో వదిలేసిన సూక్ష్మజీవులు బలహీనపడ్డాయని, అలా టీకా దొరికిందని ఒక కథ చెప్పుకుంటారు. మన సహాయకుల సెలవుల నుంచి ఇంతవరకు ఏదీ దొరకలేదు. సంక్రాంతి పుంజుకు జీడిపప్పు, బాదం లెక్కపెట్టి తినిపించే పెద్దమనుషులు కూడా, పెట్టలకు టీకా అంటే గేటు తీయలేదు. వాళ్ల ఇళ్లు పట్టికలో ఖాళీగానే ఉన్నాయి.

టీకా సీసాల కోసం సంబంధిత కార్యాలయానికి మూడు లేఖలు రాశాం. మొదటిదానికి జవాబు లేదు. రెండోది అందలేదన్నారు. మూడోది నేనే తీసుకెళ్లి రసీదు అడిగితే, రసీదు పుస్తకం అయిపోయిందన్నారు. చివరకు ఊళ్లో పనిచేసే పశుసంవర్ధక సహాయకురాలు తన ఐస్ పెట్టెలో సీసాలు తెచ్చి ఇవ్వబట్టి పని జరిగింది. ఆమెకు సంఘం తరఫున శాలువా కప్పాం. అది చాలదని నాకు తెలుసు.

ఫిబ్రవరిలో వచ్చిన ఆపద మీకు తెలిసిందే. తణుకు మండలం వేల్పూరులో, పెరవలి మండలం కానూరు అగ్రహారంలో చనిపోయిన కోళ్ల నమూనాలు భోపాల్ ప్రయోగశాలకు వెళ్లాయి, బర్డ్ ఫ్లూ అని తేలింది. కిలోమీటరు లోపల రోగ ప్రాంతం, పది కిలోమీటర్ల దాకా నిఘా. మన ఊరు నిఘా వలయంలో పడింది. రెండో విడత టీకాలు ఆ రోజే ఆపేశాం. ఒక ఇంటి గూటి మట్టి మన చెప్పులతో ఇంకో ఇంటికి చేరకూడదు. అప్పుడు కొందరు నన్ను నడివీధిలో ఆపి, ‘టీకా వేశారు కదా, మరి కోళ్లు ఎలా పోయాయి?’ అని నిలదీశారు. మళ్లీ చెబుతున్నాను: మనం వేసింది కొక్కెర తెగులుకు, మశూచికి. బర్డ్ ఫ్లూ వేరే వైరస్. ఇప్పుడొచ్చిన హెచ్5ఎన్1 రకానికి మన దేశంలో కోళ్లకు టీకా వేయడానికి అనుమతి లేదు. రోగం కనిపించిన చోట కోళ్లను చంపి పూడ్చడమే పద్ధతి. క్లిప్పు వల్ల రోగం వచ్చిందని పుకారు పుట్టించినవారు ఎవరో నాకు తెలుసు, వారు ఈ సభలోనే ఉన్నారు.

ఆ నెలంతా చికెన్ పకోడీ బండ్లు వెలవెలబోయాయి. 70 డిగ్రీలకు మించి ఉడికితే వైరస్ చచ్చిపోతుందని, మరిగే నూనెలో 170 పైనే ఉంటుందని మైకులో చెప్పినా కొనేవారు రాలేదు. మన బజ్జీల బండి అక్కగారు మాత్రం అరటికాయ, మిరపకాయలతో నెట్టుకొచ్చారు. ఈ ఏడాది మనం గర్వంగా చెప్పుకోవలసిన పని ఆవిడ బండి దగ్గరే పుట్టింది.

నూనె బాణలితో ప్రమాదం ఎలా వస్తుందో ఆవిడకు తెలిసినంతగా ఏ ఇంజినీరుకూ తెలియదు. కడిగిన మిరపకాయను తుడవకుండా వేస్తే నూనె చిమ్ముతుంది. గాటు పెట్టకపోతే లోపలి ఆవిరికి కాయ పేలుతుంది. బండి చక్రం గుంటలో పడితే బాణలి ఒరుగుతుంది. అన్నిటికంటే చెడ్డది, నూనె అంటుకున్నప్పుడు గ్యాస్ కట్టేయడానికి మంట మీదుగా చేయి చాచాల్సి రావడం. రైతు బజారు వెనుక వెల్డింగ్ షాపు మేస్త్రి నెల రోజులు ఆ బండి పక్కనే కూర్చుని చూశారు. ముందుగా బాణలి చెవులను పట్టే ఇనుప కడియం చేశారు, ఇప్పుడు బండి ఒరిగినా బాణలి కదలదు. తర్వాత మంట అడుగున కాకుండా పక్క గోడలకు తగిలేలా బర్నరు మార్చారు. అడుగు నూనె తక్కువ వేడిగా ఉండటంతో రాలిన పిండి మాడదు, నూనె త్వరగా నల్లబడదు. ఇందులో కొత్తదనం లేదు, పెద్ద హోటళ్ల ఫ్రయర్లలో ఎప్పటి నుంచో ఉన్నదే. నూనెలో పోలార్ పదార్థాలు, అంటే మళ్లీ మళ్లీ కాగి నూనె చెడినప్పుడు పుట్టేవి, 25 శాతం దాటితే వాడకూడదని 2018 జులై నుంచి దేశమంతటా నిబంధన ఉన్నా, వీధి బండి మీద దాన్ని కొలిచేదెవరు? నల్లబడకుండా చూసుకోవడమే దారి.

మేస్త్రి సొంత బుర్రలో పుట్టింది మూడోది. బండికి వెనుక చివర, చేయి కాలనంత దూరంలో ఒక పిడి. దాన్ని లాగితే గ్యాస్ కట్టు, అంటే వాల్వు, తిరిగి గ్యాస్ ఆగుతుంది, అదే దెబ్బతో పైన కొక్కేనికి వేలాడే బరువు మూత బాణలి మీద పడుతుంది. రెండు పనులు, ఒకే లాగు.

డిసెంబరు చివర, సంక్రాంతి పిండివంటలు మొదలయ్యే ముందు, హైస్కూలు మైదానంలో దీన్ని జనం ఎదుట చూపించాం. అగ్నిమాపక సిబ్బంది ఇద్దరు వచ్చి ముందు వాళ్ల ప్రదర్శన ఇచ్చారు. పొడవాటి కర్రకు కట్టిన గ్లాసుడు నీళ్లను మండుతున్న చిన్న మూకుట్లో ఒంపారు. నీరు ఆవిరైతే పదిహేడు వందల రెట్లు ఉబ్బుతుందని చెబితే వినేవాళ్లకు ఏమీ అనిపించదు. మంట వేపచెట్టు కొమ్మ దాకా లేచినప్పుడు మాత్రం ముందు వరుస మొత్తం కుర్చీలు వదిలి వెనక్కు పరుగెత్తింది. తర్వాత మన బండి. నూనెను దానంతట అదే అంటుకునేదాకా కాచాం. అక్కగారు పిడి లాగారు. మూత పడింది, మంట ఆరింది, చప్పట్లు మోగాయి. అంతలో ఉత్సాహం ఆగని కుర్రవాడొకడు చూద్దామని చువ్వతో మూత ఎత్తాడు. భగ్గున మళ్లీ అంటుకుంది. గాలి తగిలితే ఆ వేడికి నూనె మళ్లీ మండుతుంది మరి. ఎవరికీ ఏమీ కాలేదు. మేస్త్రి ఆ రాత్రే మూతకు గడియ పెట్టారు, చల్లారేదాకా అది తీయరాదు. నిజం చెప్పాలంటే ఆ ప్రదర్శనలో మనకు దక్కిన మేలు ఆ కుర్రవాడి తొందరపాటే. వాడిని సంఘంలో చేర్చుకున్నాం.

పేటెంటు విషయం. ప్రదర్శనకు నాలుగు రోజుల ముందే చెన్నై పేటెంటు కార్యాలయానికి పిడి, మూత, గ్యాస్ కట్టు కలిసిన అమరికపై తాత్కాలిక దరఖాస్తు ఆన్‌లైనులో వేశాం, రుసుము 1,600 రూపాయలు. ‘ముందు ప్రదర్శన కానివ్వండి, కాగితాలు తర్వాత’ అన్నవారికి నేను ఎంత విసుగు తెప్పించానో నాకు గుర్తుంది. నలుగురికీ చూపించాక వేస్తే కొత్తదనం పోయిందంటారు. ప్రభుత్వం గెజిట్‌లో ప్రకటించిన ప్రదర్శనలకే మినహాయింపు, మన హైస్కూలు మైదానం ఆ జాబితాలో లేదు. క్లిప్పు విషయంలో సరిగ్గా ఆ నష్టమే జరిగింది. దరఖాస్తు వేయకముందే ఒక సభ్యుడు వీడియో తీసి ఊరూరా పంపేశాడు. సైకిలు షాపు సభ్యుడు, ‘పోనీలెండి, కోళ్లు బతికితే చాలు’ అన్నాడు. నేను అంత మంచివాణ్ని కాను.

ఆదాయ వ్యయాలు చివరి పేజీలో ఉన్నాయి, కోశాధికారి గారు సంతకం చేశారు, ఆడిటరు గారు చూశారు. ఇనుము ఖర్చు అనుకున్నదానికంటే ఎక్కువైంది, దానికి కారణం మూత మూడుసార్లు చేయవలసి రావడం. ప్రశ్నలుంటే భోజనాల తర్వాత.

మైదానం ఇచ్చిన హెడ్మాస్టరు గారికి, షామియానా అద్దె సగం తగ్గించిన వారికి, టీలు పోసిన మహిళా సంఘానికి, పట్టికలు కంప్యూటరులో ఎక్కించిన పదో తరగతి అమ్మాయికి, మా ఇంట్లో ఫ్రిజ్‌లో టీకా సీసాలు పెట్టనిచ్చి కూరగాయలు బయట ఉంచిన మా ఆవిడకు కృతజ్ఞతలు.

పూర్తి దరఖాస్తు ఈ డిసెంబరులోగా వేయాలి. పన్నెండు నెలలు దాటితే తాత్కాలిక దరఖాస్తు చెల్లదు. బొమ్మలు గీయించడానికి డబ్బు కావాలి, బాకీ చందాలు ఈ నెలాఖరుకు కట్టండి. ఇంకొకటి: సహాయకురాలి ఐస్ పెట్టెలోని ఐస్ ప్యాకులు రెండు తిరిగి రాలేదు. ఎవరి ఇంట్లో ఉన్నాయో వారు, అడగకముందే, మా గుమ్మంలో పెట్టి వెళ్లండి.

మీ కార్యదర్శి