ఆకాశరామన్నకూ ఒక ఊరూ పేరూ ఉంటాయి

ప్రియమైన రాఘవా,

నీ ఉత్తరం సోమవారం అందింది. ఎం-బుక్‌లో, అంటే చేసిన పనికి కొలతలు రాసే పుస్తకంలో, ఎక్కించిన అంకెలకూ, నువ్వు స్వయంగా టేపు పెట్టి చూసిన కొలతలకూ పొంతన లేదనీ, వెయ్యని కంకర పొరకు కూడా బిల్లు పాసైపోయిందనీ, ఈ సంగతి పైకి రాయాలా వద్దా అన్న ఆలోచనతో నిద్ర పట్టడం లేదనీ రాశావు. రాయవద్దని చెప్పడానికి నాకు నోరు రాదు. రాసేముందు మాత్రం నీ పేరు సంగతి తేల్చుకోవాలి. ఈ వ్యవహారంలో చిక్కంతా అక్కడే ఉంది.

సంతకం లేని ఫిర్యాదును మన పెద్దలు ఆకాశరామన్న ఉత్తరం అన్నారు. లోపలి తప్పును బయటపెట్టేవాణ్ని పత్రికలవారు ఇప్పుడు ప్రజావేగు అని రాస్తున్నారు కానీ, ఆ మాటలో నాకెందుకో గూఢచారి వాసన వస్తుంది, ఆకాశరామన్నే నయం. అయితే ఆఫీసుల్లో ఆయనకు దక్కే మర్యాద నీకు తెలియనిది కాదు. ఉత్తరాన్ని చించి బుట్టలోనైనా వేస్తారు, లేదా అందులోని ఆరోపణను వదిలేసి రాసిందెవరని ఆరా అయినా తీస్తారు.

సత్యేంద్ర దూబే గుర్తున్నాడా? బీహారులోని సివాన్ జిల్లావాడు, కాన్పూరు ఐఐటీలో సివిల్ చదివాడు, జాతీయ రహదారుల సంస్థలో చేరి మహానగరాలను కలిపే స్వర్ణ చతుర్భుజి రహదారి పనుల మీద జార్ఖండ్‌లోని కోడెర్మాలో ఉండేవాడు. నాసిరకంగా వేసిన 6 కిలోమీటర్ల రోడ్డును కాంట్రాక్టరు చేతే తిరిగి వేయించిన మనిషి. పెద్ద కంపెనీలు పని దక్కించుకొని, చేతకాని చిన్న కాంట్రాక్టర్లకు సబ్ కాంట్రాక్టు ఇచ్చేస్తున్నాయని 2002 నవంబరులో నేరుగా ప్రధానమంత్రికి రాశాడు. ఆ ఉత్తరంలో నన్ను ఇప్పటికీ కలచివేసేది అతని జాగ్రత్త. ఉత్తరం మీద సంతకం పెట్టలేదు. ఊరూ పేరూ లేని ఉత్తరాన్ని ఎవరూ పట్టించుకోరని తెలుసు గనుక, తన వివరాలు వేరే కాగితం మీద రాసి జతచేసి, వాటిని గోప్యంగా ఉంచమని కోరాడు. ప్రధాని కార్యాలయం నుంచి మంత్రిత్వ శాఖకూ, అక్కడి నుంచి అతని సంస్థకూ ఆ ఉత్తరం వెళ్లింది. దానితోపాటే అతని పేరూ వెళ్లింది. 2003 నవంబరు 27న, వారణాసిలో పెళ్లి చూసుకొని గయ స్టేషనులో దిగి తెల్లవారకముందే రిక్షాలో ఇంటికి వెళుతుండగా కాల్చి చంపారు. దోపిడీ దొంగల పని అని సీబీఐ తేల్చింది, 2010లో ముగ్గురికి యావజ్జీవ శిక్ష పడింది. కోర్టు తీర్పును నేను కాదనను. హంతకులు ఎవరైనా, గోప్యంగా ఉంచమన్న కాగితం టేబుల్ నుంచి టేబుల్‌కు నడిచిన తీరుకు మాత్రం ఎవరూ శిక్ష అనుభవించలేదు.

ఆ మరణం తర్వాత సుప్రీంకోర్టు గట్టిగా అడిగితే, 2004 ఏప్రిల్‌లో కేంద్రం ఒక తీర్మానం చేసి, రాసినవారి పేరు గోప్యంగా ఉంచి ఇలాంటి ఫిర్యాదులు తీసుకునే బాధ్యతను కేంద్ర విజిలెన్స్ కమిషన్‌కు అప్పగించింది. చట్టమైతే 2014లో రాష్ట్రపతి సంతకం దాకా వచ్చింది. ఫిర్యాదుదారు పేరు బయటపెట్టిన అధికారికి 3 ఏళ్ల వరకు జైలు అని అందులో ఉంది. ఏం లాభం? ఏళ్లు గడిచినా దాన్ని అమలులోకి తెస్తున్నామన్న నోటిఫికేషన్ రాలేదు. పెళ్లిపత్రికలు పంచేసి ముహూర్తం పెట్టడం మరిచిపోయినట్టుంది. కాబట్టి నీకు దిక్కు ఆ పాత తీర్మానమే. నీది కేంద్ర సంస్థ గనుక అది వర్తిస్తుంది. రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగుల మీద ఫిర్యాదులకైతే అది కూడా పనికిరాదు.

మారుపేరుతో పని జరగదా అని అడుగుతావేమో. మన హైదరాబాదు సత్యం కంప్యూటర్స్‌లో 2008 డిసెంబరులో మారుపేరుతోనే ఒక డైరెక్టరుకు మెయిల్ వెళ్లింది, 2009 జనవరి 7న ఛైర్మనే లెక్కలు తప్పని ఒప్పుకున్నాడు. అయితే అప్పటికే ఛైర్మన్ కుటుంబానికి చెందిన మేటాస్ కంపెనీల కొనుగోలు బెడిసికొట్టి, కంపెనీ మీద అందరి కళ్లూ పడి ఉన్నాయి. నీ కంకర పొర మీద ఎవరి కళ్లూ లేవు.

ఇక్కడ నీకు మా ఊరి సంగతి ఒకటి చెప్పాలి. ఉపాధి హామీ పనుల మీద సామాజిక తనిఖీ బహిరంగ సభ జరిగిన రోజు నేనూ షామియానా కింద కూర్చున్నాను. మస్టరులో ఉన్న పేర్లు పైకి చదువుతుంటే ఒక ముసలమ్మ లేచి, "ఆ వారమంతా నేను మా అమ్మాయి పురుటికి పోయి ఉంటిని, నా పేరు మీద మట్టి తవ్విందెవరయ్యా?" అంది. సభ గొల్లుమంది. ఆమె కూర్చోకముందే ఇంకో నలుగురు లేచారు. ఆ సాయంత్రానికి అది ఎవరి ఫిర్యాదో ఎవరూ చెప్పలేని స్థితి వచ్చింది, ఎందుకంటే ఊరంతా చెప్పింది. ఆ ముసలమ్మకు దొరికిన ఆ గుంపు నీకు ఆఫీసులో దొరకదు. ఒంటరిగా రాయాలి గనుకనే పేరును అంత భద్రంగా దాచాలి.

అందువల్ల తీర్మానం చెప్పిన పద్ధతిని అక్షరం తప్పకుండా పాటించు. కమిషన్ కార్యదర్శి పేరిట, మూసిన కవరులో, ఆ తీర్మానం కింద ఫిర్యాదు అని పైన రాసి పంపాలి. కవరు మీద నీ పేరు, చిరునామా ఉండకూడదు. లోపల మాత్రం తప్పక ఉండాలి, లేకపోతే అసలు విచారించరు. ఎంపీకీ, పత్రికలకూ, మంత్రికీ నకళ్లు పంపే మన అలవాటు ఈసారి కట్టిపెట్టు. నలుగురికీ పంపిన ఫిర్యాదుకు ఈ రక్షణ దక్కదు. రసీదు ఇవ్వరు, రాసింది నువ్వేనా అని నిర్ధారించుకోవడానికి వారే ఒక లేఖ పంపుతారు. అది ఆఫీసు చిరునామాకు వచ్చిందనుకో, అటెండరు దగ్గరే కథ ముగుస్తుంది, కనుక ఇంటి చిరునామా ఇవ్వు. ఎం-బుక్ పేజీ నంబరు, తేదీ, నువ్వు కొలిచిన చోటు మాత్రమే రాయి. ఆ ఇంజనీరు కొత్త ఇల్లు, కారు జోలికి పోకు. నీ ఒక్కడికే తెలిసే వివరం ఏదైనా ఉంటే దాన్ని కూడా వదిలెయ్యి, పేరు చెప్పకుండానే అది నిన్ను పట్టిస్తుంది.

ఆఫీసు కంప్యూటరులో టైపు చేయకు. సంక్రాంతికి ఎలాగూ వస్తున్నావు కదా, చిత్తుప్రతి చేత్తో రాసి తీసుకురా. మా వదిన అరిసెల పాకం పడుతుండగా మనం పెరట్లో కూర్చొని ఒక్కో వాక్యం చూద్దాం.

నీ,
సూర్యం