శనివారం బస్సు ప్రయాణికులకు: క్లబ్బు లీగు మారుతోంది, మేము క్లబ్బుతోనే ఉంటున్నాం

మన ఫుట్‌బాల్ క్లబ్బు బయటి ఊళ్లలో ఆడే మ్యాచ్‌ల కోసం స్కాట్లాండ్ దక్షిణాన ఉన్న డంఫ్రీస్ నుంచి మా మినీబస్సులో వస్తున్న తెలుగు కుటుంబాలకు, విద్యార్థులకు, విమానాశ్రయ ప్రయాణాలకు మమ్మల్ని పిలిచే పాత ఖాతాదారులకు ఈ నాలుగు మాటలు రాస్తున్నాను. సౌత్ ఆఫ్ స్కాట్లాండ్ లీగును వదిలి వెస్ట్ ఆఫ్ స్కాట్లాండ్ లీగులో చేరడానికి దరఖాస్తు చేయాలని క్లబ్బు సభ్యుల సమావేశం తీర్మానించింది. ఆ లీగు ఆమోదం ఇంకా రావలసి ఉంది. వస్తే, వచ్చే సీజను నుంచి మన శనివారాలు ఇప్పటిలా ఉండవు. బస్సు ఆగిపోతుందని కొందరు, నేను పక్క ఊరి క్లబ్బుతో ఒప్పందం కుదుర్చుకున్నానని మరికొందరు అనుకుంటున్నట్లు నా చెవిన పడింది. రెండూ నిజం కావు. జరిగినదంతా నా నోటి నుంచే మీకు తెలియడం న్యాయం.

ముందుగా క్లబ్బు ఎందుకు వెళ్తోందో చెప్పాలి, ఎందుకంటే మీలో చాలామంది నన్ను అడిగిన ప్రశ్న అదే. స్కాట్లాండ్‌లో పై నాలుగు డివిజన్లలో మొత్తం 42 క్లబ్బులు ఉంటాయి. వాటి కింద ఉత్తరాన హైలాండ్ లీగు, దక్షిణాన లోలాండ్ లీగు. లోలాండ్ లీగు కింద, ఆరవ అంచెలో, ఈస్ట్, వెస్ట్, సౌత్ అనే మూడు లీగులు పక్కపక్కనే ఉన్నాయి. మన క్లబ్బు ఇంతకాలం ఆడింది ఆ మూడింటిలో అతి చిన్నదైన సౌత్ లీగులో. 2014-15 సీజనులో ప్లేఆఫ్‌లు, అంటే కింది లీగుల విజేతలు పైకి రావడానికి ఆడే పోటీలు, మొదలయ్యే వరకు కింది క్లబ్బులకు, ఎంత బాగా ఆడినా, ఆ 42లోకి ఆటతో చేరే దారే లేదు. దారి తెరుచుకున్నాక మాత్రం దేశంలోని చిన్న క్లబ్బులన్నీ తాము ఏ లీగులో ఉంటే మంచిదో కొత్తగా లెక్క వేసుకోవడం మొదలుపెట్టాయి. 1886 నుంచి ఉన్న జూనియర్ ఫుట్‌బాల్ సంఘం (ఇక్కడ జూనియర్ అంటే పిల్లల ఆట కాదు, పెద్దల క్లబ్బులదే వేరే వ్యవస్థ) నీడలో, తమ సొంత కప్పులతో, సొంత పోటీలతో వేరే లోకంగా బతికిన క్లబ్బులు ఒక్కొక్కటిగా బయటికి వచ్చాయి. 2017లో కెల్టీ హార్ట్స్ వచ్చి ఈస్ట్ లీగులో చేరింది, 2021కల్లా ఆ 42లో ఒకటైంది. 2018లో తూర్పున జూనియర్ క్లబ్బులు గుంపుగా కదిలాయి. వాటిలో ఒకటైన బోనీరిగ్ రోజ్ నాలుగేళ్లలో, 2022లో, ఆ 42లో కౌడెన్‌బీత్ స్థానంలోకి వెళ్లింది. 2020లో పశ్చిమాన అరవైకి పైగా క్లబ్బులు జూనియర్ లీగులను వదలడంతో వెస్ట్ లీగు పుట్టింది. 2023 జనవరిలో అదే లీగు నుంచి వచ్చిన డార్వెల్, ఐర్‌షైర్‌లోని తన చిన్న మైదానంలో, దేశంలోని పెద్ద క్లబ్బుల్లో ఒకటైన అబర్డీన్‌ను స్కాటిష్ కప్పులో 1-0తో ఓడించిన రాత్రి మీలో సగం మంది నాకు ఫోన్ చేశారు.

ఇక సౌత్ లీగు సంగతి. 1946లో మొదలైన ఆ లీగును చిన్నచూపు చూసే మాటలు ఈ మధ్య వింటున్నాను, అవి నాకు నచ్చవు. మన బస్సు పుట్టిందే ఆ లీగు మీద. డాల్‌బీటీ, కాజిల్ డగ్లస్, కిర్కూబ్రి, లాక్‌మేబెన్, క్రీటౌన్, న్యూటన్ స్టూవర్ట్, ఈ ఊళ్లను మన పిల్లలకు పరిచయం చేసింది ఆ లీగే. అయితే క్లబ్బు కమిటీ వాదనలో బలం ఉందని కూడా ఒప్పుకోవాలి. సౌత్ లీగులో పన్నెండు జట్లు అటూ ఇటూగా ఉంటాయి, కిందికి జారే డివిజను లేదు, బలమైన జట్టుకూ బలహీనమైన జట్టుకూ మధ్య తేడా చాలా ఎక్కువ. ఒక శనివారం ఏడు గోల్స్ వేసి, మరో శనివారం ఆరు తిని వచ్చే ఆటగాడికి తన స్థాయి ఏమిటో ఎలా తెలుస్తుంది? పేరుకు అక్కడి విజేత లోలాండ్ లీగుకు ఒక్క మెట్టు దూరంలోనే ఉంటుంది, కానీ ఆ మెట్టు ఎక్కాలంటే స్కాటిష్ ఫుట్‌బాల్ సంఘం లైసెన్సు కావాలి, లైసెన్సుకు ఫ్లడ్‌లైట్ల వంటి ఖర్చులు పెట్టాలి. 2017లో ఎడ్యుస్పోర్ట్ అకాడమీ సౌత్ లీగు నుంచి పైకి వెళ్లింది. ఇప్పుడు దాని పేరు కాలెడోనియన్ బ్రేవ్స్. అది ఈ ప్రాంతపు ఊరి నుంచి పుట్టిన క్లబ్బు కాదు. ఇక్కడి క్లబ్బుల కథ వేరు. 2013లో లోలాండ్ లీగు మొదలైనప్పుడు అందులో చేరిన త్రీవ్ రోవర్స్ 2016లో సౌత్ లీగుకు తిరిగి వచ్చింది, డాల్‌బీటీ స్టార్ 2023లో వచ్చింది. దూరాలు, ఖర్చులు, ఆదివారం ఉదయం పనికి వెళ్లవలసిన ఆటగాళ్లు, ఇవన్నీ తెలిసినవారికి ఆ తిరిగి రావడంలో వింత ఏమీ కనిపించదు.

వెస్ట్ లీగులో ప్రీమియర్ డివిజను కింద మరో నాలుగు డివిజన్లు ఉన్నాయి, కొత్తగా చేరేవారు అట్టడుగు నుంచి మొదలుపెట్టాలి. అంటే మన క్లబ్బు కాగితం మీద ఆరవ అంచె నుంచి పదవ అంచెకు దిగుతుంది. సమావేశంలో ఎక్కువసేపు నలిగింది ఈ విషయమే. ఒక పెద్దాయన లేచి, మన తాతలు కట్టిన క్లబ్బును నాలుగు మెట్లు కిందికి తోస్తారా అని అడిగారు. ఆయన బాధ నాకు అర్థమైంది. అయినా తమతో సమానమైన జట్లతో ప్రతి వారం ఆడి, గెలిస్తే పైకి, ఓడితే అక్కడే అన్న నియమం కింద బతకడం, పై అంచె అన్న పేరుతో అదే నలుగురి మధ్య తిరగడం కన్నా నిజాయితీ గల పని అని నేను నమ్ముతున్నాను. ప్రేక్షకుడిగా నా ఓటు వెస్ట్ లీగుకే వేశాను. వ్యాపారిగా మాత్రం ఆ ఓటు నా మీదే పడుతుందని నాకు అప్పుడే తెలుసు.

ఎందుకో చెబుతాను. ఇప్పటి ప్రయాణాల్లో చాలావరకు అరగంట నుంచి గంటలోపు దూరాలే. అన్నింటికన్నా దూరమైన స్ట్రాన్‌రార్ కూడా ఎ75 రోడ్డు మీద సుమారు 75 మైళ్లు. శనివారం పొద్దున ఒక విమానాశ్రయ ప్రయాణం ముగించి, మధ్యాహ్నం మిమ్మల్ని మ్యాచ్‌కు తీసుకెళ్లి, సాయంత్రం మరో కుటుంబాన్ని గ్లాస్గో విమానాశ్రయంలో దింపడం ఇంతకాలం సాధ్యమైంది. నిజానికి మ్యాచ్‌కు మీ బస్సు టికెట్టు అంత చవకగా ఉండడానికి కారణం ఆ రెండు విమానాశ్రయ ప్రయాణాలే. వెస్ట్ లీగులో దగ్గరి మైదానాలకే ఎ76 మీద సాంకర్ దాటి ఐర్‌షైర్ చేరాలి. గ్లాస్గో, లానార్క్‌షైర్ జట్లకు ఎం74 ఎక్కాలి. గ్రీనాక్ వైపు మ్యాచ్ పడితే వంద మైళ్లకు దగ్గర. అంటే శనివారం మొత్తం ఫుట్‌బాల్‌కే పోతుంది. వాన సమస్య దీనికి తోడు. మైదానం ఆడటానికి పనికి వస్తుందో లేదో రిఫరీ ఉదయం చూసి చెప్పేవరకు ఆగి బయలుదేరడం ఇంతకాలం మన అలవాటు. దూరం పెరిగితే ఆ కబురు వచ్చేలోగానే బస్సు రోడ్డు మీద ఉండాలి. డిసెంబరులో నాలుగు కాకముందే సూర్యుడు అస్తమిస్తాడు కాబట్టి ఫ్లడ్‌లైట్లు లేని మైదానాల్లో ఆట ఇంకా ముందే మొదలవుతుంది, మనం ఇంకా ముందే లేవాలి.

సరిగ్గా ఈ లెక్కల్లో నేను మునిగి ఉన్నప్పుడే సౌత్ లీగులోనే ఉండిపోతున్న మరో క్లబ్బు నా దగ్గరకు వచ్చింది. వాళ్ల బయటి మ్యాచ్‌లన్నింటికీ, రెండు సీజన్ల పాటు, మా బస్సే కావాలన్నారు. పాత దూరాలే, పాత రోడ్లే, డబ్బు మాత్రం ఇప్పటికన్నా ఎక్కువ, అందులో కొంత ముందుగానే ఇస్తామన్నారు. విమానాశ్రయ ప్రయాణాలు ఏవీ పోవు. కాగితం మీద చూస్తే ఆలోచించవలసినదే లేదు. మా ఆవిడ లెక్కల పుస్తకం తెరిచి అదే మాట అంది, ఆమె లెక్కల్లో తప్పు పట్టడానికి నాకు ఏమీ దొరకలేదు.

అదే వారంలో మరో సంగతి తెలిసింది. వెస్ట్ లీగు దూరాలకు ఎంత అవుతుందో కనుక్కోవడానికి మన క్లబ్బు కమిటీ నాకు చెప్పకుండా పెద్ద బస్సులు నడిపే ఒక కోచ్ కంపెనీని అడిగింది. అడగడంలో తప్పు లేదు. క్లబ్బు డబ్బు సభ్యుల డబ్బు, నాలుగు చోట్ల ధర కనుక్కోవడం వాళ్ల బాధ్యత. కానీ ఆ కమిటీ ఐదుగురు కూర్చున్న గదిలో ఒకరు, మినీబస్సు ఆయన లాక్‌మేబెన్ వరకు సరే, గ్లాస్గో దాకా ఆయన వల్ల కాదులే అన్నారట. ఆ మాట నాకు ఇప్పటికీ మింగుడు పడలేదు. జనవరి రాత్రుల్లో ఉత్తర ఇంగ్లండులోని షాప్ కొండల మీదుగా మాంచెస్టర్ విమానాశ్రయానికి, మంచు కురుస్తుంటే బీటాక్ ఎత్తు దాటి ఎడిన్‌బరోకు, హైదరాబాదు నుంచి వచ్చే అమ్మానాన్నల కోసం వెళ్లినవాణ్ణి నేను. మీలో ఎవరి విమానమూ నా వల్ల తప్పలేదు. క్లబ్బుకు రేడియేటరు పాడైన బస్సు పంపిన రోజు ఒక్కటి లేదు. ఆ మాట అన్న మనిషి మీద నాకు కోపం ఉంది, అది దాచడం నాకు చేతకాదు.

ఆ కోపంలో పక్క క్లబ్బుకు సరే అనేస్తానేమోనని నాకే భయం వేసింది. అందుకే వాళ్లను గడువు అడిగి, రాత్రుళ్లు అటూ ఇటూ ఆలోచించాను. కోపంతో వెళ్లడమైతే అది వ్యాపార నిర్ణయం కాదు. డబ్బు కోసం వెళ్లడమైతే, మన పిల్లలు చొక్కాలు కొనుక్కుని, ఆటగాళ్లను పేరు పెట్టి పిలిచే జట్టును వదిలి, వాళ్లకు ఏమీ కాని జట్టుకు ఖాళీ సీట్లతో బస్సు నడపాలి. మీరు రారని నాకు తెలుసు. ఆ బస్సులో నాకు డబ్బు మిగులుతుంది, మీరు మిగలరు. పైగా పదవ అంచె నుంచి క్లబ్బు ఒక్కో డివిజను ఎక్కుతూ వస్తే, ఆ మొదటి సీజనులో గ్లాస్గో దాకా నా వల్ల కాదన్నది ఎవరో, నడిపింది ఎవరో అందరికీ తెలియాలన్న పట్టుదల కూడా నాలో ఉంది. దాన్ని పట్టుదల అనుకున్నా, మొండితనం అనుకున్నా నాకు అభ్యంతరం లేదు. పక్క క్లబ్బు వారికి కృతజ్ఞతలు చెప్పి, కుదరదని రాశాను. వాళ్లు మర్యాదస్తులు, మంచి మాటలతోనే జవాబు ఇచ్చారు. కోచ్ కంపెనీ అడిగిన ధర క్లబ్బుకు భరించలేనిదిగా తేలింది, కమిటీ తిరిగి నా దగ్గరకు వచ్చింది, నేను ముందు అనుకున్న ధరకు ఒక్క పౌండు కూడా పెంచకుండా సంతకం చేశాను. పెంచి ఉంటే వాళ్లు ఇచ్చేవారే. ఆ గదిలో జరిగిన మాటకు బదులు తీర్చుకున్నట్లు అవుతుందని పెంచలేదు.

ఇక మీకు సంబంధించిన విషయాలు. లీగు ఆమోదం వస్తే పెద్దలకు టికెట్టు ఇప్పటి 9 పౌండ్ల నుంచి 14 పౌండ్లు అవుతుంది, పదహారేళ్ల లోపు పిల్లలకు మాత్రం 4 పౌండ్లే ఉంటుంది. స్ట్రాన్‌రార్ ప్రయాణానికి మీరు ఇచ్చినదానితో పోలిస్తే ఇది ఎక్కువే, డీజిలు ధర తగ్గనంత కాలం ఇంతకన్నా దించలేను. బస్సు రైల్వే స్టేషను ముందు నుంచే బయలుదేరుతుంది, సమయం మ్యాచ్‌ను బట్టి ముందు గురువారం రాత్రి వాట్సాప్ బృందంలో పెడతాను. దారిలో ఉండగా మ్యాచ్ రద్దయిందని కబురు వస్తే వెనక్కి తిప్పుతాను, సగం డబ్బు తిరిగి ఇస్తాను. మిగతా సగం డీజిలుకు, డ్రైవరుకు పోతుంది, అది నేను భరించలేను. బయలుదేరక ముందే రద్దయితే మొత్తం ఇస్తాను. వారం మధ్యలో రాత్రి పూట పడే మ్యాచ్‌లకు బస్సు ఉండదు, మరునాడు బడి ఉన్న పిల్లలను అర్ధరాత్రి ఇంటికి చేర్చడం నాకు ఇష్టం లేదు. పులిహోర, పెరుగన్నం డబ్బాలు ఇప్పటిలాగే మా ఇంటి నుంచి వస్తాయి, వాటికి వేరే ధర లేదు.

విమానాశ్రయ ప్రయాణికులకు ఒక మనవి. క్లబ్బు బయటి ఊళ్లో ఆడే శనివారాల్లో ఉదయం తొమ్మిది నుంచి రాత్రి ఎనిమిది వరకు కొత్త బుకింగులు తీసుకోను. ఇప్పటికే అడ్వాన్సు ఇచ్చినవారి ప్రయాణాలు మాత్రం అలాగే ఉంటాయి. మ్యాచ్ రోజుతో కలిస్తే రెండో డ్రైవరును పెట్టి పంపుతాను, ఆ ఖర్చు నాది. శుక్రవారం రాత్రి, ఆదివారం ప్రయాణాలకు ఏ మార్పూ లేదు.

వెస్ట్ లీగు ఆమోదించకపోతే పాత లీగే, పాత ధరే, పాత దారే. ఆమోదిస్తే మొదటి బయటి మ్యాచ్‌కు సీట్లు పదహారే, ఈ సీజనులో క్రమం తప్పకుండా వచ్చినవారి పేర్లే ముందు రాసుకుంటాను. కొత్తవారు నెలాఖరులోగా ఎంతమంది వస్తారో, పిల్లల వయసు ఎంతో, చైల్డ్ సీటు కావాలో వద్దో చెబితే చాలు. పదహారుకు మించి వస్తే రెండో మినీబస్సు అద్దెకు తీసుకోవడానికి ఒకరితో మాట్లాడి ఉంచాను, దాన్ని కూడా ఎవరికో అప్పగించను, నాకు తెలిసిన డ్రైవరే నడుపుతాడు.