కార్యదర్శి వార్షిక నివేదిక, 2024–25

గౌరవ సభ్యులందరికీ నమస్కారం.

సర్వసభ్య సమావేశానికి ముందే నివేదిక అందరికీ చేరాలన్నది మన నియమావళి. చదివి వస్తారని ఆశ. బల్ల మీద ఆడే ఆటల నెలవారీ కూడికలు ఎప్పటిలాగే జరిగాయి, పండగ నెలల్లో ఎప్పటిలాగే పలచబడ్డాయి.

ఈ ఏడు గట్టిగా చెప్పుకోవలసింది కథా ఆటల (ఆడేవాళ్ళే పాత్రలై కలిసి కథ అల్లే ఆటల) తయారీ వర్క్‌షాప్. మన సభ్యులు సొంతంగా చేసి తెచ్చే ఆటల్లో ఎప్పుడూ ఒకటే లోటు. బొమ్మలు బాగుంటాయి, పాత్రలకు పేజీల కొద్దీ పూర్వకథ ఉంటుంది, తీరా ఆట మొదలయ్యాక చివరిదాకా పాయింట్లు పోగేసుకోవడమే. అందుకే పాఠంగా జేసన్ మార్నింగ్‌స్టార్ తయారుచేసిన 'ఫియాస్కో' (2009) అనే కథా ఆట తీసుకున్నాం. ఇందులో గేమ్ మాస్టర్, అంటే కథను నడిపించే పెద్ద, ఉండడు. ముగ్గురు నుంచి ఐదుగురు ఆడొచ్చు. మనిషికి రెండు తెల్ల పాచికలు, రెండు నల్లవి చొప్పున బల్ల మధ్యలో పోస్తారు. మన వంతులో సీను మనమే మొదలుపెడితే, అది మంచిగా ముగుస్తుందో (తెల్ల పాచిక) చెడుగా ముగుస్తుందో (నల్లది) మిగతావాళ్ళు తేలుస్తారు. ముగింపు మనకే కావాలంటే మొదలు వాళ్ళకు వదిలేయాలి. మొదటి అంకంలో వచ్చిన పాచికను ఇంకొకరికి ఇచ్చేయాలి, రెండో అంకంలో మనమే ఉంచుకోవాలి. రెండింటి మధ్యా 'టిల్ట్' అని పెద్ద కుదుపు. ఆఖర్న ఎవరి పాచికలు వాళ్ళు వేసి, తెల్లవాటి మొత్తానికీ నల్లవాటి మొత్తానికీ తేడా చూస్తారు. తేడా ఎంత ఎక్కువైతే అంత మేలు, సున్నా వస్తే ఆ పాత్ర పని అయిపోయినట్టే. పక్కా దుర్మార్గుడు ఒక్కోసారి బయటపడతాడు, అటూ ఇటూ ఊగినవాడు మునుగుతాడు. కథ నడిపించేది పూర్వకథ కాదు, ఈ లెక్క.

నాటక పరిషత్తుల్లో వేషాలు వేసిన మన పెద్దాయన ఒకరు నాట్యశాస్త్రంలోని పంచసంధులు, అంటే నాటక కథ నడిచే ఐదు దశలు (ముఖం, ప్రతిముఖం, గర్భం, విమర్శ, నిర్వహణం) పట్టుకుని సభ్యుల ఆటలను కడిగేశారు. "గర్భసంధిలో దొరికినట్టే దొరికి జారిపోయేది ఒకటుండాలి. వైకుంఠపాళికైనా పైన పెద్దపాము ఉంది, మీ ఆటలకు అదీ లేదు" అన్నారు. కొందరు నొచ్చుకున్నారు. ఆయన అన్నది నిజం కనుక ఇక్కడ రాస్తున్నాను.

ఫియాస్కోకు కావలసిన సంబంధాలు, అవసరాలు, చోట్లు, వస్తువుల పట్టికలను 'పెళ్ళివారి విడిది' పేరుతో మనవాళ్ళే తెలుగులో రాశారు. అలిగిన బావగారు, క్యాటరింగ్ అడ్వాన్సు, తాళం పోయిన బీరువా, అన్నీ ఉన్నాయి. లాంఛనాల సంచి పెళ్ళికొడుకు మేనమామ స్కూటర్ డిక్కీలో బయటపడ్డ సీనుకు పక్క బల్లలవాళ్ళు ఆట ఆపి మరీ వచ్చి నిలబడ్డారు. మన సంఘంలో ఇలాంటిది ఇదే మొదటిసారి.

పట్టికలు రాసిన కుర్రకారుకు, టీ టిఫిన్లు చూసుకున్న అక్కయ్యలకు, బల్లలు అరువిచ్చిన ట్యూషన్ మాస్టారికి, ప్రింటింగ్ ఖర్చు భరించిన సభ్యుడికి కృతజ్ఞతలు.

వాట్సాప్‌లో 'నేనున్నా' అని చెయ్యెత్తిన వాలంటీర్లలో చాలామంది ఆ పొద్దున ఫోన్ కూడా ఎత్తలేదు. కుర్చీలు మోసింది కమిటీవాళ్ళే. హాలు అనుమతి కాగితం మీద సంతకానికి సంబంధిత ఆఫీసు చుట్టూ ఎన్నిసార్లు తిప్పారో చెప్పుకుంటే సిగ్గుచేటు. చివరి సాయంత్రం దాకా అదే టెన్షన్.

జమాఖర్చులు కోశాధికారి సమావేశంలో చదువుతారు. లోటు లేదు, మిగులు కొద్దిగా. చందా బాకీలున్నవారు దయచేసి గుర్తుంచుకోవాలి.

కొత్త కమిటీకి నామినేషన్లు సమావేశంలోనే తీసుకుంటాం. ఇళ్ళకు పట్టుకెళ్ళిన ఆటలు ఆ రోజు తిరిగి తేవాలి, పాచికలు లెక్కపెట్టి మరీ.

ఇట్లు,
కార్యదర్శి