రాఘవకు, పండు గాడి గుమ్మడికాయ గురించి

హైదరాబాద్,
ఆదివారం మధ్యాహ్నం

ప్రియమైన రాఘవా,

సంక్రాంతికి ముందు నువ్వు రాసిన ఉత్తరానికీ, ఆ తర్వాత రాసిన దానికీ కలిపి ఇన్నాళ్లకు జవాబు రాస్తున్నందుకు మన్నించు. సుజాతకు ఆసుపత్రిలో రాత్రి డ్యూటీలు పడడంతో రెండు నెలలుగా సాయంత్రం వంట నేనే చేస్తున్నాను. అమ్మ మోకాలి నొప్పి తగ్గింది, ఇంటి అద్దె పెరిగింది, మిగతా కబుర్లు తర్వాత రాస్తాను. ఈ రోజు కలం పట్టింది ఒక్క సంగతి చెప్పడానికే. నిన్న రాత్రి మా పండు గాడు గుమ్మడికాయ తిన్నాడు. అది గుమ్మడికాయేనని తెలిసి తిన్నాడు, రెండోసారి వేయించుకుని మరీ తిన్నాడు.

వాడి సంగతి నీకు తెలుసు కదా! పప్పులో టమాటా తొక్క కనిపించినా వేలితో తీసి కంచం అంచున అతికించే పిల్లవాడు. శనివారం రాత్రి పాస్తా అంటే మాత్రం అక్కా తమ్ముళ్లు ఇద్దరూ ఆరింటికే కంచాలు పెట్టుకుని కూర్చుంటారు. పాస్తాలో కలిపే టమాటా సాస్ సీసా 160 రూపాయలు, ఇద్దరికీ గట్టిగా రెండు పూటలకు రాదు. పైగా సీసా వెనుక చిన్న అక్షరాలలో టమాటా తర్వాత వెంటనే చక్కెర పేరు ఉండడం చూశాక, ఆ డబ్బుతో ఇంట్లోనే చేసి, అందులో నాలుగు కూరగాయలు కూడా కలిపితే బాగుంటుందనిపించింది.

మొదటిసారి రెండు వారాల క్రితం చేశాను. కూరగాయలు కనిపించకుండా మిక్సీలో వేసి కలిపేయమని అందరూ చెప్పే పద్ధతే అది. టమాటా తొక్క తీయలేదు, క్యారెట్ సరిగా ఉడకలేదు. నాలుగో ముద్దకు పండు నోట్లోంచి నారింజ రంగు పలుకు ఒకటి తీసి, చూపుడు వేలి మీద పెట్టుకుని, నా కళ్లలోకి చూసి, "నాన్నా, ఇది ఉందని చెప్పలేదేం?" అన్నాడు. ఏడవలేదు, అలగలేదు, కంచం మాత్రం మెల్లగా పక్కకు జరిపాడు. ఆ తర్వాత మూడు రోజుల పాటు ఇడ్లీలో ఏముందో, చట్నీలో ఏముందో అడిగి, నేను చెప్పాకే తిన్నాడు. ఆ ప్రశ్న విన్న ప్రతిసారీ నాకు గొంతులో ఏదో అడ్డుపడినట్టుండేది. పిల్లలకు తెలియకుండా తినిపించడం తప్పని ఎవరితోనూ వాదించను కానీ, మా ఇంట్లో ఇక అది వద్దని ఆ రోజే నిర్ణయించుకున్నాను.

అందుకే నిన్న పొద్దున్న ఇద్దరినీ వెంటబెట్టుకుని మెహిదీపట్నం రైతు బజారుకు వెళ్లాను. ధరల బోర్డు మీది అంకెలు అక్క మిన్ను గట్టిగా చదువుతుంటే పండు సంచి పట్టుకున్నాడు. ఇప్పుడు టమాటా చవక, కిలో 15 రూపాయలు. రెండు కిలోలు తీసుకున్నాం. గుమ్మడికాయ అమ్మే పెద్దమ్మ మాకు ముక్క కోస్తూ, లోపలి గింజలను పీచుతో సహా తీసి పండు అరచేతిలో పెట్టింది. వాడు వాసన చూసి, "పుచ్చకాయ లాగే ఉంది" అన్నాడు. ఆ గింజలు ఇప్పటికీ కిటికీ గట్టు మీద ఎండుతున్నాయి, ముట్టుకోనివ్వడం లేదు.

ఇక వంట. అడుగు మందంగా ఉన్న స్టీలు గిన్నె తీసుకున్నాను, ఎందుకంటే టమాటా పులుపు అల్యూమినియంతో పడదు. టమాటాల మీద అడ్డంగా, నిలువుగా గాటు పెట్టి ఒక నిమిషం మరిగే నీళ్లలో ఉంచి చన్నీళ్లలో వేస్తే తొక్క దానంతట అదే ఊడి వస్తుంది. గింజల చుట్టూ ఉండే జిగురులోనే టమాటా రుచి ఎక్కువ కాబట్టి దాన్ని పారేయలేదు. పావు కిలోకు కాస్త పైగా క్యారెట్, అంతే గుమ్మడి ముక్కలు కుక్కరులో మూడు విజిల్స్ రానిచ్చాను. రెండు ఉల్లిపాయలను వేరుశనగ నూనెలో సన్న సెగ మీద మగ్గించాను. అవి ఎర్రబడకుండా మెత్తబడాలి, అప్పుడే వాటి తీపి సాస్‌లోకి దిగుతుంది. నలగ్గొట్టిన వెల్లుల్లి, ఆ పైన టమాటా. పులుపు విరగడానికి క్యారెట్, గుమ్మడి తీపి చాలు, చక్కెర గింజ కూడా వేయలేదు. టమాటా పచ్చడికి మనం చూసినట్టే నూనె పైకి తేలేదాకా ముప్పావు గంట సన్న సెగ మీద ఉంచాను.

ఇంతలో అసలు సంగతి. పాస్తా సాస్‌కు ఘాటైన వాసననిచ్చే ఓరెగానో ఆకు పొడి ఇంట్లో లేదు. చిన్న సీసా కొందామంటే కూరగాయలన్నిటికీ అయినంత ధర. అప్పుడు, రాఘవా, నువ్వు శ్రీకాకుళం నుంచి తడిగుడ్డలో చుట్టి తెచ్చిన వాము ఆకు కొమ్మ గుర్తొచ్చింది. అది మా బాల్కనీలో కుండీ నిండా పాకింది. ఆకు నలిపి చూస్తే అదే వాసన! రెండింటికీ ఘాటునిచ్చే పదార్థం ఒకటేనట. నాలుగు ఆకులు సన్నగా తరిగి వేయగానే ఇల్లంతా ఆ పరిమళం నిండింది, నాకేమో వెంటనే మన పన్నెండో నంబరు గది, జలుబు కషాయం, ఆ కషాయం తాగిన మూడో మనిషి గుర్తొచ్చారు. ఇంతకంటే రాయను.

చివరి పని పండుకు అప్పగించాను. ఉడికిన క్యారెట్, గుమ్మడి ముక్కలను రవ్వ జల్లెడలో వేసి, పప్పుగుత్తితో వాడే నొక్కాడు. కిందికి దిగే పసుపు ముద్దను చూస్తూ, "ఇది నేను చేసిన గుమ్మడి" అంటూ గరిటెతో తీసి సాస్‌లో తనే కలిపాడు. పాస్తాను అన్నం పలుకుగా ఉన్నప్పుడు వార్చినట్టు కొంచెం ముందే వార్చి, ఆ నీళ్లు ఒక గరిటెడు సాస్‌లో పోశాను. అదీ గంజి లాంటిదే కాబట్టి సాస్ పాస్తాకు చక్కగా పట్టుకుంది. వాడు మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని, నమిలి, అక్క వైపు తిరిగి, "ఇందులో గుమ్మడి ఉంది, నేనే వేశాను, నువ్వు కూడా తిను" అన్నాడు. నేను వంటింట్లోకి వెళ్లి, కాసేపు ఊరికే నిలబడ్డాను.

లెక్క కూడా చెప్పాలి కదా. గ్యాసు కాక మొత్తం 72 రూపాయలు అయింది, కిలో పావు సాస్ వచ్చింది. అంటే ఆ సీసా ధరలో సగం కంటే తక్కువకే ఐదు పూటలు. వారానికి సరిపడా గాజు సీసాలో పోసి ఫ్రిజ్‌లో కింద పెట్టి, మిగతాది ఐసు ట్రేలో గడ్డకట్టించాను. పూటకు కావలసినన్ని గడ్డలు తీసి వేడి చేస్తే సరి. 2023 జులైలో టమాటా కిలో వంద రూపాయలు దాటడం నువ్వూ మరచిపోయి ఉండవు, మళ్లీ అలాంటి రోజులొస్తే టమాటా సగానికి తగ్గించి, గుమ్మడి పెంచి, పులుపుకు కాస్త చింతపండు రసం పోద్దామనుకుంటున్నాను. బీట్‌రూట్ కూడా ఆలోచనలో ఉంది కానీ దాని మట్టి వాసన పిల్లలకు నచ్చుతుందో లేదో. చెల్లెమ్మ సొరకాయతో ఏదో చేసేదని రాశావు, అది నీళ్లు వదలకుండా ఎలా

సుజాత లేచింది, ఆమె డ్యూటీకి బయలుదేరే లోపు టిఫిన్ కట్టాలి. పండు గింజలు ఎండాయో లేదో చూడమని చొక్కా లాగుతున్నాడు. నీకు పంపడానికి అందులో నాలుగు దాచాడు, ఈ కవరులోనే పెడుతున్నాను. పిన్నిగారికి నా నమస్కారాలు.

నీ
శ్రీను